పై అంకె

సరిగ్గా ఐదింటికి ఫోన్ మోగింది. ఆమె నాలుగున్నర నుంచీ దాని పక్కనే కూర్చుని ఉంది.

"కాల్షియం వేసుకున్నావా తల్లీ?" ఆస్పత్రి నర్సు గొంతు.

"మధ్యాహ్నం భోంచేసి వేసుకున్నా అక్కా. మాత్ర కాదది, సుద్దముక్క."

"సుద్దముక్కో రాయో, మింగాల్సిందే. ఒంట్లో కాల్షియం తగ్గితే బీపీకి రెక్కలొస్తాయి. ఐరన్ మాత్ర మాత్రం రాత్రికి ఉంచు. రెండూ కలిపి మింగావంటే లోపల కొట్టుకు చస్తాయి."

ఆమె పకపకా నవ్వింది. ఆ రోజుకి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

భర్త ఓడలో ఇంజన్ పని చేస్తాడు. పది రోజులకోసారి సిగ్నల్ దొరికితే, "వినబడుతోందా? వినబడుతోందా?" అని అరిచేలోపే లైన్ కట్టవుతుంది. తల్లి లేదు. అత్తగారు మంచాన పడి ఆడబిడ్డ ఇంట్లో ఉంది. కిందింటివాళ్ళు పొద్దున్నే తాళం వేసుకుని పోతే మళ్ళీ రాత్రికే. ఏడో నెలలో ఓ రోజు ఆమె కారుతున్న కుళాయిని తిట్టి, జవాబు కోసం ఆగింది. తన సంగతి తనకే తెలిసి ఏడుపొచ్చింది.

ఆ ఆస్పత్రిలో గర్భిణులందరికీ ఇంట్లో చూసుకోమని బీపీ మెషిన్ ఇస్తారు. పై అంకె నూట నలభై దాటితే ఫోన్ చేయమంటారు. మూడు వారాల కిందట ఆమె ఫోన్ చేసి, నూట నలభై నాలుగని చెప్పింది. ఆ రోజు నుంచీ నర్సు ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. కాళ్ళు వాచాయా? తల నొప్పిగా ఉందా? కళ్ళు మసకలేస్తున్నాయా? బుద్ధెరిగాక ఆమెని ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

ఇవాళ మాత్రం నర్సు గొంతులో వేళాకోళం ఎక్కువసేపు నిలవలేదు.

"డాక్టరమ్మతో మాట్లాడాను. ఇవాళ నూట నలభైకి దిగిందా, హాయిగా ఉండు, నా ఫోన్ల బెడద వదిలిపోతుంది. నూట యాభై దాటితే మాత్రం చేర్చుకుంటాం. ఎనిమిదో నెలైనా సరే, బిడ్డని తీయాల్సి రావచ్చు. ఏదీ, చూసి చెప్పు. లైన్లోనే ఉంటా."

ఆమె చేతికి పట్టీ చుట్టుకుంది. మెషిన్ బుసబుసమని గాలి ఎక్కించి, మెల్లగా దించింది. కడుపులో బిడ్డ కదిలింది. పొట్ట మీద చెయ్యేసుకుని ఆమె తెర వైపు చూసింది.

"ఎంత తల్లీ?"

"నూట యాభై ఆరు అక్కా."

అవతల కుర్చీ గబుక్కున జరిగిన చప్పుడైంది.

"భయపడకు. బండి తీసుకుని నేనే వస్తున్నా. తలుపు తీసి ఉంచు. నేనున్నాగా, వింటున్నావా?"

"వింటున్నా," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

ఫోన్ పెట్టేసి, మూడు వారాలుగా రోజూ చేస్తున్నట్టే, మెషిన్ తెర మీద కనబడుతున్న నూట పద్నాలుగుని చెరిపేసింది.