గల్లీ వైపు మెట్లు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. రాయడం కూడా నెమ్మదే. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాట ఏరుకోవాలి.

మా అబ్బాయి హరికృష్ణ అటకను గది చేయిస్తానన్నాడు. మాది కాశిబుగ్గలో పాత పెంకుటిల్లు. ముందు కిరాణా దుకాణం, వెనక మేము. అటక మీద మా ఆయన మగ్గం విప్పిన కర్రలు, సొట్ట బిందెలు, ఎలుకలు.

"ఎవరికిరా గది?" అన్నాను.

"అవసరమున్నోళ్ళకే అవ్వా," అన్నాడు. నా ముఖం చూడలేదు.

వడ్రంగి కొమురెల్లి వచ్చి కొలతలు తీశాడు.

"మెట్లు ఇంట్లకెల్లి పెడితే అయిపాయె గదనే అన్నా. గల్లీ దిక్కెందుకు?"

"ఇంట్లకెల్లి వద్దు. దర్వాజ గూడ అటే ఉండాలె. జర వెడల్పు పెట్టు. నలుగురు మోసుకొని దిగెటట్టు."

కొమురెల్లి నావైపు ఒకసారి చూసి, తల దించుకొని టేపు చుట్టాడు.

అప్పుడు అర్థమైంది నాకు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలి. తాళం వేసి అందరూ బయటికి నడవాలి. నిరుడు ఎదురింటి రాయమల్లు తల్లి అట్లాగే పోయింది. వానాకాలమంతా వాళ్ళు చుట్టాల వరండాల్లో పడుకున్నారు. ఇంటి ముందరి ఇస్త్రీ దుకాణం మళ్ళీ తెరుచుకోలేదు. మెట్లూ దర్వాజా వేరైతే అది వేరే ఇంటి లెక్కేనని పంచాంగం చూసే అయ్యగారు హరికృష్ణకు చెప్పడం నేను విన్నాను.

ఇంట్లో ముసలిదాన్ని నేనొక్కదాన్నే.

పక్కింటి చిలుకమ్మ ఊరుకోలేదు. "ఏందే యాకమ్మా, ఇంకా ఊపిరుండంగనే పైకి తోలుతాండా నీ కొడుకు?"

"తోలనీ. దుకాణమన్న నిలవడతది," అన్నాను. ఆ పూట మెతుకు దిగలేదు.

కోడలు వినోద నా ముందు నిలబడేది కాదు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. సిగ్గుపడుతోందనుకున్నాను.

చెక్కలు పరిచాక హరికృష్ణ వాటి మీద వెల్లకిలా పడుకొని చూశాడు. కాళ్ళు గోడకు తగిలాయి.

"ఇంకో మూరెడు జరుపు కొమురెల్లీ."

"అవ్వ గింతంత మనిషి. గంత జాగెందుకన్నా?"

"కాళ్ళు సాపుకోవద్దా?" అని నవ్వాడు. దిగేటప్పుడు సగం మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "దుమ్ము," అన్నాడు దగ్గుతూ.

దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు కనబడేటట్టు ఒక కిటికీ పెట్టించాడు. నాకు దుకాణంతో పనేమిటి?

నా పెట్టె సర్దుకున్నాను. నాలుగు చీరలు, మా ఆయన ఫోటో, పలక. పెట్టె పట్టుకొని గల్లీలోకి వచ్చాను.

"నడిచే పోత కొడుకా. ఎక్కేటప్పుడన్న ఎవ్వలు మొయ్యద్దు నన్ను."

హరికృష్ణ పెట్టె అందుకున్నాడు. తీసుకెళ్ళి మళ్ళీ లోపల, నా మంచం కిందే పెట్టాడు.

"జల్దేమున్నది అవ్వా. సున్నం ఆరనీ."

సున్నం ఆరింది.

ఇట్లు, యాకమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు, కాశిబుగ్గ; వినోదా నేనూ దుకాణం నడుపుకుంటూ కింది ఇంట్లోనే ఉంటున్నాం, హరికృష్ణ పోయిన పైగదికి మాత్రం ఆరునెలల తాళం పడింది.