మొద్దు నిద్ర

ఇంటి ముందు ఆగి ఉన్న పాత వ్యానులో మరిది సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే తంతు.

వెనకాల పడుకోబెట్టిన భర్త నుదుటి మీద చెయ్యి వేసి, అక్కడే పక్కనున్న సీటులో ఆమె కూర్చుని ఉంది.

మరిది దిగి బానెట్ ఎత్తాడు. "బ్యాటరీ బానే ఉంది వదినా, ప్లగ్గులకి కరెంటూ వస్తోంది. పెట్రోలే అందట్లేదు. పంపు చప్పుడే చెయ్యట్లేదు, పాడు బండి! అన్నయ్యయితే చిటికెలో లేపేవాడు. ఏం చేసేవాడో నీకేమైనా తెలుసా?"

"మెకానిక్ పెళ్లాన్నయితే మాత్రం నాకేం తెలుస్తుంది?" అందామె.

తెలుసు. పంపు మొరాయించిన ప్రతిసారీ భర్త వెనక్కొచ్చి, ట్యాంకు మీది రేకును మడమతో గట్టిగా తన్నేవాడు. "దీనిది మొద్దు నిద్రే. తంతేగానీ లేవదు," అని నవ్వేవాడు. అంతే, బండి లేచేది.

మరిది చెమట తుడుచుకుంటూ వెనక తలుపు దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఇంకొక్కసారి చూస్తాను వదినా. కాకపోతే వేరే బండి పిలుద్దాం. శ్మశానం దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు."

"ఉండనీ. ఇప్పుడు తొందరేముంది?"

అతను వెళ్లి మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ తిరుగుతోంది. ఆ రేకు సరిగ్గా ఆమె పాదాల కిందే ఉంది.

పొరపాటున తగిలితే బండి ఎక్కడ లేచిపోతుందోనని, ఆమె కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుంది.