మచ్చ మీద స్టిక్కరు

చాట్రాయి దారిలో ఎత్తు ఎక్కలేక డీజిల్ వ్యాను నల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

పిలిస్తే వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "పొగను మళ్లీ ఇంజన్లోకి పంపే వాల్వు మసి పట్టేసి మూసుకోవట్లేదండీ. చెక్ ఇంజన్ లైటు వెలగలేదా?"

మామిడికాయల వ్యాపారి రవిచంద్రకు సరిగ్గా అప్పుడే ఆకాశంలో ఏదో పని పడింది.

అతని భార్య మనోజ్ఞ, డ్యాష్‌బోర్డు మీదున్న స్టిక్కరు పీకింది. కాయలకు అంటించే స్టిక్కరే. దాని కింద లైటు నిక్షేపంగా వెలుగుతోంది.

"ఆహా, ఏం వైద్యమండీ!"

"ఊరికే కళ్లలో పడుతోందని అంటించానే."

ఆమె వెనక్కి వెళ్లి, తన పుట్టింటికి తీసుకెళ్తున్న బుట్టలోంచి ఒక కాయ తీసింది. దాని స్టిక్కరూ గోటితో గీకింది. కింద నల్లటి మచ్చ. ఇంకో కాయకూ అంతే.

"మా నాన్నగారి కోసం ఏరి మరీ పెట్టానన్నారుగా! నిజమే, బాగానే ఏరారు."