వాడొక్కడే

"పిచ్చమ్మత్తా, గెలిచాం!" ఫోన్ ఊపుకుంటూ భవ్య మిరప కల్లంలోకి పరిగెత్తుకొచ్చింది. "నీ వీడియోకి సౌండ్ తిరిగొచ్చింది!"

కొడుకు శవం మీద పడి పిచ్చమ్మ ఏడుస్తుంటే భవ్య వీడియో తీసి నెట్‌లో పెట్టింది. ఒక పాటల కంపెనీ ఆ ఏడుపుని డీజే పాటలో కలుపుకుని, అది తనదేనంది. కంపెనీ ఫిర్యాదుతో అసలు వీడియోకే సౌండ్ పోయింది. కాపీరైట్ చట్టం మార్చాలంటూ భవ్య నెలరోజులు రోజూ పోస్టులు పెట్టింది.

"కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇక ఆ గొంతు నీదే అత్తా. విను."

తొడిమలు తీస్తున్న పిచ్చమ్మ చేతులు ఆగిపోయాయి. కారం చేతులతో తుడుచుకోలేక, కళ్ళు భుజానికి రాసుకుంది.

"నాదేనా?"

"నీదే! లక్షమంది విన్నారు."

"నాదే అయితే తీసెయ్యవే. వాడికి వినపడాలని ఏడ్చాను. వాడొక్కడే వినలేదు."