ఎడమ భుజం మీద కమిలిన గీత

“ఈ కారు నువ్వు నడపలేదమ్మా,” అన్నాడు ఇన్సూరెన్సు సర్వేయరు, నుజ్జయిన బానెట్‌ను ఫోటో తీసి ఫోను జేబులో వేసుకుంటూ.

కుడి భుజం మీద బిడ్డను వేసుకుని నిలబడ్డ అమ్మాయి ముఖం పాలిపోయింది. “నేనేనండీ. ఫారంలో రాశాను కదా. పిల్లి అడ్డొచ్చింది, పక్కకి తిప్పితే గోడకి తగిలింది.”

“కళ్ళు నెత్తిన పెట్టుకుని నడిపితే ఇరవై ఏళ్ళ గోడ కూడా కనిపించదు,” అంది మెకానిక్ షెడ్డు మూల స్టూలు మీద కూర్చున్న అత్తగారు.

“అత్తయ్యా, మీరు ఊరుకోండి.”

ఆ అమ్మాయి మీద సర్వేయరుకు జాలేసింది. కారు పోయిన బాధ చాలదన్నట్టు ఈ సూటిపోటి మాటలొకటి. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

“కుడివైపు సీట్లో కూర్చుని నడిపేవాళ్ళకి బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది. నీకు కమిలింది ఎడమ భుజం. మెడ దగ్గర గీత కనిపిస్తూనే ఉంది. అందుకే గంట నుంచీ పిల్లాణ్ణి ఆ పక్కకి మార్చుకోవడం లేదు. నిజం చెప్పు, మీ ఆయన తాగి నడిపాడా?”

“అయ్యో, ఆయన టీ కూడా తాగరండీ. పైగా ఆ రోజు ఊళ్ళోనే లేరు.”

“మరెవరు? నడిపిన మనిషి పేరు తప్పుగా రాస్తే క్లెయిమ్ మొత్తం పోతుంది. రిపోర్టులో నేను చూసిందే రాయాలి కదా.”

ఆ అమ్మాయి బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. “పోతే బాగు చేయించుకోలేమండీ. వీడికి ఫిట్స్ వస్తాయి. పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉండాలన్నారు డాక్టరు. కారు లేకపోతే ఎలా? నేనే నడిపానని రాసేయండి సార్, మీకు పుణ్యముంటుంది.”

“ఇక చాల్లే, చెప్పేద్దాం,” అత్తగారు లేవబోయింది.

“కూర్చోండత్తయ్యా.” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “సార్, ఎల్ బోర్డు వాళ్ళు నడిపితే అసలు క్లెయిమే రాదంట కదా?”

“ఎవరు చెప్పారు?”

“పక్కింటాయన.”

“అయితే ఆయన్నే వచ్చి నా ఉద్యోగం చేసుకోమను. లెర్నర్ లైసెన్సు గడువులో ఉండి, ఎల్ బోర్డు అంటించి, పక్కన లైసెన్సున్న మనిషి కూర్చుంటే క్లెయిమ్ చెల్లుతుంది. పక్కన కూర్చున్నది నువ్వేనా?”

తలూపింది. “నాకు లైసెన్సొచ్చి నాలుగేళ్ళయింది.”

“బోర్డేదీ?”

“భయపడి మర్నాడు పీకేశాను. గుద్దగానే తీసిన ఫోటోల్లో ఉందండీ.”

సర్వేయరు ఆ ఫోటోలు చూసి, నవ్వాపుకుంటూ కొత్త ఫారం తీశాడు. “ఇంతదానికి ఇన్ని అబద్ధాలా! నేర్చుకుంటున్న పిల్లెవరు, మీ చెల్లెలా? రమ్మను, సంతకం పెట్టాలి.”

అత్తగారే మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, పెన్ను కోసం చెయ్యి చాపింది.

“మొన్న వాడికి ఫిట్స్ వస్తే మా కోడలు ఒక చేత్తో వాణ్ణీ, ఒక చేత్తో స్టీరింగునీ పట్టుకుని నడిపింది బాబూ. ఈసారి తల్లి చేతులు రెండూ వాడికే ఉండాలి.”