ఉప్పు పరీక్ష

"ఈ సీసా ఎవరు తాగారు?"

సారిక కేక విని తోటి పరిశోధకురాలు దుర్గాశ్రీ పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. ల్యాబ్ బల్ల మీద గాజు సీసా ఒకటి ఖాళీగా ఉంది.

"నేనేనండి," అన్నాడు చిట్టియ్య మూతి తుడుచుకుంటూ. అతను ఆఫీసు నుంచి ల్యాబ్‌కి అటెండరుగా మారి నాలుగు రోజులే అయింది. "పొద్దున్నించీ కరెంటు లేదు కదండీ. మన రాజమండ్రి ఎండ తెలుసుగా. నాలుక పిడచకట్టుకుపోతుంటే ఫ్రిజ్‌లో కనబడింది..."

"అవి నీళ్లు కావు చిట్టియ్యగారూ!"

సారిక ఫ్రిజ్ తలుపు లాగింది. అలాంటి సీసాయే ఇంకొకటి ఉంది లోపల. చెరకు పిప్పిలోంచి తీసిన, కంటికి ఆననంత సన్నటి పీచు స్ఫటికాలు కలిపిన నీటిని ఆమె రెండు సీసాల్లో నింపి పెట్టింది. ఒక సీసాలోవి వట్టి స్ఫటికాలు. కడుపులోకి వెళ్లినా ప్రాణానికేం కాదు. రెండో సీసాలోవాటికి రసాయనంతో పైపూత వేసింది సారిక. పూతకు అంటగా మిగిలిన రసాయనాన్ని ఇంకా కడగలేదు. అది విషం.

"ఏది తాగాడే?" అంది దుర్గాశ్రీ.

సారిక చీటీలు చూసింది. ఫ్రిజ్‌లో మంచు కరిగి, తను ఇంకుపెన్నుతో రాసిన అక్షరాలు రెండు సీసాల మీదా నీలం మరకలైపోయాయి. ఏది ఏదో తెలిసే దారి లేదు.

దుర్గాశ్రీ 108కి ఫోన్ చేసింది. "ధవళేశ్వరం దగ్గరున్నారట. ఇరవై నిమిషాలు పడుతుందట!"

"ఆసుపత్రి ఎందుకండీ? మా ఆవిడ దీనమ్మకి తెలిస్తే బెంగెట్టుకుంటాది," అన్నాడు చిట్టియ్య.

"కూర్చోండి. కదలకండి."

సారికకు ఒక్క దారే తోచింది. వట్టి స్ఫటికాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో విడివిడిగా తేలతాయి. ఉప్పు తగిలితే ఆ తోపు పోయి ముద్దకడతాయి. పూత వేసినవి ఉప్పుకు లొంగవు.

"మిగిలిన సీసాలో ఉప్పు వేసి చూద్దాం. విరిగిందంటే ఇది వట్టిది. అంటే ఆయన తాగింది..."

సారిక పరీక్షనాళికలో కొంచెం పోసి, ఉప్పునీళ్లు కలిపి, కిటికీ వెలుగులో పట్టుకుంది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. చిట్టియ్య నుదుటి మీద చెమట కారుతోంది. ఎండకో, లోపలికి వెళ్లినదానికో తెలియడం లేదు. అతను పొట్ట మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా సారిక ఉలిక్కిపడుతోంది.

ఐదు నిమిషాలు. నాళికలో నలుసైనా లేదు.

"విరగలేదు! పూత వేసింది ఇదే! ఆయన తాగింది వట్టిదేనే!"

దుర్గాశ్రీ బావురుమంది. సారిక తనే ఫోన్ అందుకుంది. "అంబులెన్స్ అక్కర్లేదండీ. ప్రమాదమేం లేదు. వెనక్కి వెళ్లిపొమ్మనండి." ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చిట్టియ్య ఇద్దరి కళ్లలోనూ నీళ్లు చూశాడు. అతని మనసు కరిగిపోయింది. చేతులు జోడించాడు.

"మీరింత మంచోళ్లని తెలీక ఒకటి దాచానండి. మీరు చూసింది నేను తాగిన రెండో సీసా అండి. పొద్దున్నే మొదటిది తాగేసి, తిడతారని దాన్నిండా కుళాయినీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను."