నిన్నటి కాగితం

"అమ్మాయ్, మీ ఇంట్లో ఇంకా సోమవారమే నడుస్తోందే."

లియెన్ కుట్టుమిషను ఆపి తలెత్తింది.

గుమ్మంలో తడిసిన గొడుగుతో ఒక ముసలాయన. గోడమీది క్యాలెండరు కేసి చూస్తున్నాడు. రోజుకో కాగితం చింపే క్యాలెండరు. ఆ వేళ శుక్రవారం.

అమ్మ పోయాక రోజూ చింపాలని గుర్తుచేసేవాళ్లు లేరు. ఆ హుయే ఊళ్లో ముసురు పట్టిందంటే వారాలకు వారాలు వదలదు. సందు చివరి ఆ గదికి ప్యాంటు అంచులు మడిపించుకునేవాళ్లు, జిప్పులు మార్పించుకునేవాళ్లు తప్ప ఎవరూ రారు.

ఆమె నాలుగు కాగితాలు చింపి ఉండ చుట్టబోయింది. ఆయన చెయ్యి చాపి అడిగి తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు.

"వెనకంతా ఖాళీయే."

"ఏముంటుంది పెదనాన్నా?"

"ఆ రోజు ఏం చేశావో ఒక్క ముక్క రాసివ్వు. రోజూ వచ్చి పట్టుకెళ్తాను."

పొగాకు చుట్టుకోవడానికి కాబోలు అనుకుంది లియెన్.

మర్నాడు నిజంగానే వచ్చాడు. ఆమె గబగబా రాసి ఇచ్చింది.

"కళ్లజోడు మరిచాను. నువ్వే చదువు."

"పదకొండు ప్యాంట్ల అంచులు."

ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు.

"ఇది ఊళ్లోవాళ్ల పని. నీ పనేది?"

ఆ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందుకే కాబోలు దాచుకున్నదంతా చెప్పేసింది. పెద్దవీధిలో దియెప్ పిన్ని దుకాణం ఉంది. పెళ్లికూతుళ్ల ఆవ్ యాయ్‌లు అక్కడే కుడతారు. నిలువు కాలరుతో, నడుము దాకా చీలికతో పాదాల మీదకు జారే పొడుగు చొక్కాలు. తప్పు లేకుండా ఒక్కటి కుట్టి తెస్తే తన పక్కనే కుర్చీ వేస్తానంది పిన్ని. అందుకని కొన్న ఊదారంగు పట్టు మూడేళ్లుగా పెట్టెలోనే ఉంది.

ఆయన ఏ సలహా చెప్పలేదు. రేపు కాస్త పెద్ద అక్షరాలతో రాయమన్నాడు.

మర్నాడు ఆయన వచ్చే వేళకి రాయడానికి ఏమీ లేకపోయింది. ఖాళీ కాగితం చదివి వినిపించడం ఎలా? లేచి పెట్టె తెరిచింది.

"పట్టు బయటికి తీశాను" అని చదివింది ఆ రోజు.

"పట్టు" అన్నాడాయన, వేలు అక్కడే ఉంచి.

అలా రోజుకో ముక్క. కాగితం మీద కాలరు గీశాను. పాతగుడ్డ మీద కత్తిరించాను. కాలరు పాడైంది. మళ్లీ పాడైంది. నిలబడింది. ఒంట్లో బాగాలేనినాడు ఒక్క గుండీకాజా కుట్టి అదే రాసింది. వర్షాలకు సందంతా మోకాలిలోతు నీరు నిండినప్పుడు వారం రోజులు ఒక్క గిరాకీ రాలేదు. ఆయన మాత్రం ప్యాంటు పైకి మడుచుకుని వచ్చాడు.

ఆయన పేరు కూడా ఆమె అడగలేదు.

అక్టోబరు చివర్లో అసలు పట్టు మీద కత్తెర పెట్టింది. చొక్కా చెయ్యి ఒకటి రెండు వేళ్లు పొట్టిదైపోయింది. ఇంకో చెయ్యికి సరిపడా గుడ్డ లేదు.

"చెయ్యి తప్పుగా కత్తిరించాను" అని చదివింది.

"మళ్లీ చదువు. నెమ్మదిగా."

చదివింది.

"ఇంకొక్కసారి."

లియెన్ లేచి నిలబడింది.

"నేను చెడగొట్టుకున్నది మూడుసార్లు విని ఏం చేసుకుంటారు పెదనాన్నా? మీకిది కాలక్షేపం. నాకు కాదు."

గోడ దగ్గరికి వెళ్లి, ఆ ఏడాదికి మిగిలిన కాగితాలన్నీ ఒక్క గుప్పిట పట్టి చింపింది. రాని రోజును చింపకూడదనేది అమ్మ.

"ఇవన్నీ పట్టుకెళ్లండి. ఇక రావద్దు."

ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. ఏదో చెప్పబోయి, కాగితాలు తిప్పి చూశాడు.

"వీటి మీద ఏమీ లేదు కదమ్మా" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వేళకి ఆమె చెయ్యి అలవాటుగా కాగితం కోసం వెతికింది. గోడమీద అట్ట తప్ప ఏమీ లేదు. దుస్తులు గీసుకునే కాగితం ముక్క మీద రాసింది: చంక కింద అతుకు వేసి చూశాను. ఎవరికీ చదవకుండానే రోజూ రాసింది.

డిసెంబరులో దియెప్ పిన్ని ఆ ఊదారంగు చొక్కా తిరగేసి, లియెన్ చెప్పిన అతుకు కోసం చంక కింద వేలితో తడిమి, "ఎక్కడుందో నాకూ దొరకలేదు, రేపటినుంచి రా" అంది.

ఈ మాట చెప్పడానికి లియెన్‌కి ఒక్క మనిషే గుర్తొచ్చాడు.

ఆనవాళ్లు చెప్పి రెండు రోజులు వెతికితే రేవు వెనక ఒక రేకుల గది చూపించారు. తలుపుకి తాళం. పక్కింటి థోవా అత్త కూరలు తరుగుతూ తలెత్తింది.

ఆ గదిలో ఉండే ఖాంగ్ అన్న పోయి నెల దాటిందని చెప్పింది. బతుకంతా ఇసుక పడవ నడిపాడట. నా అన్నవాళ్లు లేరట. జలుబన్నాడు, మూడు రోజుల్లో అయిపోయిందట. గదిలో ఏమీ లేదు, ఒక బిస్కట్ల డబ్బా తప్ప అంటూ తన ఇంట్లోంచి దాన్ని తెచ్చి ఇచ్చింది.

డబ్బా నిండా క్యాలెండరు కాగితాలు. వెనక ఆమె రాసిన ముక్కలు. ఒక్కొక్కదాని కింద అదే ముక్క వంకరటింకరగా మళ్లీ రాసి ఉంది. ఆ అక్షరాలకు ఆమె పెట్టే తోకలే ఉన్నాయి.

"పోయేలోగా ఒక్క మాటయినా సొంతంగా రాయాలనేవాడు. రోజూ ఎవరో టీచరమ్మ దగ్గరికి వెళ్లేవాడు. నీకు తెలుసా ఆవిడ?" అంది థోవా అత్త.

లియెన్ కాగితాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అడుగున, తాను చింపి ఇచ్చిన ఖాళీ కాగితాలున్నాయి. పద్నాలుగింటి మీద ఒకే మాట: ఈ రోజు వెళ్లలేదు.

పదిహేనో దాని మీద ఇలా ఉంది: "రేపు వెళ్లి టీచరమ్మకి నిజం చెప్పాలి, నాకు కళ్లజోడు లేదు, చదువే లేదని."